మరమ్మతా? మార్పిడా? – ఒక టీవీ ఫైలు కథ

(2025 డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. విషయం మీ ఇష్టం అన్నారు. కరువు భత్యం బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకన్నా బాగా మాట్లాడగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. అందుచేత నేను వారి జోలికి పోకుండా, మా ఇంట్లో పాడైపోయిన టీవీ గురించి మాట్లాడదలచుకున్నాను. నవ్వకండి. మీలో కనీసం సగం మంది ఇళ్ళలో ఈ సమస్య వచ్చి ఉంటుంది. రానివారికి వస్తుంది.

ఈ రోజుకీ టీవీకీ ఒక చుట్టరికం కూడా ఉంది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి పెట్టే బిచ్చం కాదనీ, చేసిన సేవకు మనకు దక్కే హక్కనీ తేల్చింది. అందుకే మనం ఈ తేదీన కూర్చుంటున్నాం. అదే 1982లో ఆగస్టు 15న దూరదర్శన్ రంగుల ప్రసారాలు మొదలుపెట్టింది. ఆ చలికాలంలోనే ఢిల్లీలో ఏషియన్ క్రీడలు జరిగాయి. అంటే మన హక్కు, రంగుల బొమ్మ ఒకే సంవత్సరంలో పుట్టాయి. అప్పుడు నాకు 32 సంవత్సరాలు. సబ్ ట్రెజరీలో గుమస్తాను. నా జీతానికి రంగుల బొమ్మ అందలేదు. బ్లాక్ అండ్ వైట్ టీవీ కొనడానికే ఇంకో నాలుగేళ్ళు పట్టింది.

ఆ టీవీ మా వీధికంతటికీ ఒకటే. 1987 జనవరిలో రామాయణం సీరియల్ మొదలయ్యాక ఆదివారం ఉదయం మా ఇంట్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. నేను డాబా మీద ఏంటెనా తిప్పుతూ "వచ్చిందా?" అని అరవడం, కింద నుంచి మా ఆవిడ "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ ఆగండి" అనడం, ఆగేసరికి బొమ్మ పోవడం – ఇదంతా మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆ టీవీ 13 సంవత్సరాలలో ఎన్నిసార్లు పాడైందో లెక్క లేదు. పాడైనప్పుడల్లా మెకానిక్ సంచీ పట్టుకుని ఇంటికే వచ్చేవాడు. వెనక మూత విప్పి, కాలిపోయిన చిన్న భాగమేదో కనిపెట్టి, టంకం పెట్టి, వేరేది అతికించేవాడు. ముప్పై రూపాయలో నలభై రూపాయలో తీసుకుని, కాఫీ తాగి వెళ్ళిపోయేవాడు. పారేసి కొత్తది కొందామన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. గొడుగుకి కమ్మీ వేయించాం, ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టించాం, చెప్పులకు అట్టలు వేయించాం. అదే బుద్ధి టీవీకీ వర్తించింది. ఆ బుద్ధే ఈ ఏడాది నన్ను ఇబ్బందిలో పెట్టింది.

విషయానికి వస్తాను. 2017 సంక్రాంతికి 32 అంగుళాల ఎల్.ఈ.డి. టీవీ 17,500 రూపాయలకు కొన్నాను. ఎనిమిదేళ్ళు చక్కగా పనిచేసింది. 2025 జూన్ రెండో వారంలో ఒక సాయంత్రం వార్తలు వింటుండగా బొమ్మ పోయింది. మాట మాత్రం వస్తోంది. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయికి ఫోను చేస్తే, "నాన్నగారూ, ఎనిమిదేళ్ళయింది. పారేసి కొత్తది కొనేయండి. నేను ఇక్కడి నుంచే ఆర్డరు పెడతాను" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఎనిమిదేళ్ళకే పారేయడమేమిటి? నేను ముప్పై ఎనిమిదేళ్ళు ఒకే శాఖలో పనిచేసినవాణ్ణి.

మన ఆఫీసుల్లో ఒక పద్ధతి ఉండేది, మీకు గుర్తుండే ఉంటుంది. టైపురైటరు పాడైనా, జీపు పాడైనా ఎవరికి తోచినట్టు వారు పారేయడానికి వీల్లేదు. ముందు ఏం పాడైందో నివేదిక తెప్పించాలి. బాగుచేయడానికి ఎంతవుతుందో అంచనా రాయించాలి. ఆ ఖర్చు దండగ అని తేలితే, అధికారం ఉన్నవారి చేత పనికిరాదని ఉత్తర్వు తీసుకుని, స్టాకు రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసి, వేలం వేసి, వచ్చిన సొమ్ము చలానా కట్టాలి. నేను ఇంటి టీవీకి కూడా ఒక ఫైలు తెరిచాను. నిజంగానే తెరిచాను. అట్ట మీద "టీవీ – మరమ్మతా, మార్పిడా" అని రాశాను. ఆ ఫైలులో చేరిన సంగతులు మీకు పనికి వస్తాయని చెబుతున్నాను.

మొదటి సంగతి. టీవీ పాడైందని నిర్ధారించుకునే ముందు, పాడైంది టీవీయేనా అని చూసుకోవాలి. "నో సిగ్నల్" అని వస్తే చాలాసార్లు సెట్టు దోషం కాదు. రిమోటులో పొరపాటున ఏదో మీట నొక్కి ఉంటాం, టీవీ ఇంకో దారి వైపు చూస్తూ ఉంటుంది. లేదా సెట్‌టాప్ బాక్సు ఆగి ఉంటుంది, దాని తీగ వదులై ఉంటుంది, గాలికి డిష్ కదిలి ఉంటుంది, చందా గడువు అయిపోయి ఉంటుంది. రిమోటులో సెల్లులు మార్చండి. రెండింటికీ కరెంటు ఆపి, ఐదు నిమిషాలాగి మళ్ళీ పెట్టండి. దీనికి ఖర్చు లేదు.

రెండో సంగతి. మాట వచ్చి బొమ్మ రాకపోతే, గదిలో దీపం ఆర్పి, టార్చిలైటు తెరకు దగ్గరగా పెట్టి చూడండి. మసకగా బొమ్మ కదులుతూ కనిపిస్తే తెర బాగానే ఉంది, దాని వెనక ఉండే దీపాల పట్టీలు పోయాయన్నమాట. వాటిని మార్చవచ్చు. అసలు ఎర్ర దీపం కూడా వెలగకపోతే, ప్లగ్గులో కరెంటు వస్తూ ఉంటే, కరెంటు బోర్డు పోయి ఉండవచ్చు. అదీ మార్చవచ్చు. అలా కాక తెర మీద పగులు, నల్లని మరక, నిలువు గీతలు ఉంటే అది చాలావరకు పానెల్ జబ్బు. మొత్తం టీవీ ధరలో పెద్ద భాగం ఆ పానెల్‌దే. దానిని మార్చడమంటే పావలా కోడికి ముప్పావలా మసాలా. అయితే ఇవన్నీ బయటి నుంచి చూసే పరీక్షలే. వెనక మూత మాత్రం మనం విప్పరాదు. పాత పిక్చర్ ట్యూబు టీవీల్లో కరెంటు తీసేసినా వేల వోల్టులు నిలిచి ఉండేవి. ఈ కొత్తవాటి కరెంటు బోర్డులోనూ షాకు కొట్టేంత నిలవ ఉంటుంది.

మూడో సంగతి అన్నిటికన్నా ముఖ్యం. కంపెనీవారి ఫోను నంబరు కోసం సెల్‌ఫోనులో వెతకవద్దు. బిల్లు మీదా, టీవీతో ఇచ్చిన పుస్తకంలోనూ ఉన్న నంబరుకే చేయండి. నేను పుస్తకం కనబడక ఫోనులో వెతికాను. మొదట కనిపించిన నంబరుకి చేస్తే ఎంతో మర్యాదగా మాట్లాడారు. నమోదు రుసుము పది రూపాయలే, ఈ యాప్ దింపుకుని అందులో కట్టండి అన్నారు. పది రూపాయలే కదా అని దింపుకోబోయాను. ఇంతలో సెలవులకు వచ్చి ఉన్న మా మనవరాలు, "తాతయ్యా, వద్దు!" అని ఫోను లాక్కుంది. ఆ యాప్ దింపుకుని ఉంటే నా ఫోను తెర అవతలివాడికి కనిపించేదట. ఒకటో తారీఖున పడే పెన్షను రెండో తారీఖున ఉండేది కాదు. ఎవరికైనా అలా జరిగితే సిగ్గుపడి దాచుకోకండి, వెంటనే 1930కి ఫోను చేయండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. సామాను గురించో సర్వీసు గురించో ఫిర్యాదు ఉంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. ఈ రెండు నంబర్లూ గోడ మీద రాసి పెట్టుకోండి.

సరే, టార్చి పరీక్షలో మా టీవీకి బొమ్మ మసకగా కనిపించింది. మా వీధి చివర పాతికేళ్ళుగా దుకాణం నడుపుతున్న మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్ళాను. దీపాల పట్టీలు మార్చి 2,600 తీసుకున్నాడు. తొమ్మిది రోజులు పట్టింది. నా ఫైలులో రాసుకున్నాను: 2,600 పెట్టి 17,500 టీవీని నిలబెట్టాం. అబ్బాయికి ఫోను చేసి కాస్త గొప్పగానే చెప్పాను.

ఆ గొప్ప ఐదు వారాలుంది. జూలై ఆఖరులో ఉరుములు మెరుపులతో వాన వచ్చిన రాత్రి ప్లగ్గు తీయడం మరచిపోయాను. తెల్లారేసరికి టీవీలో చలనం లేదు. కరెంటు బోర్డు పోయింది. ఆ మోడలు బోర్డు ఇక్కడ దొరకదు, తెప్పించాలి. రెండు వారాలు పట్టింది, 1,850 అయింది. "బాబాయిగారూ, సాయంత్రం నేను కుర్రాణ్ణిచ్చి పంపిస్తాను, 150 ఇవ్వండి" అన్నాడు మెకానిక్. 150 దేనికని నేనే ఆటోలో తెచ్చుకున్నాను. నిలబెట్టి పట్టుకోవలసిన దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. రైల్వే గేటు దగ్గర ఆటో ఎగిరింది, నా మోచెయ్యి తెర మీద ఆనింది. ఇంటికి వచ్చి పెడితే బొమ్మలో సగం నిలువు గీతలు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఎల్.ఈ.డి. టీవీని ఎప్పుడూ నిలువుగానే మోయాలి. ఈ పాఠానికి నేను చెల్లించిన ఫీజు ఎంతో వినండి: పానెల్ అంచనా 8,500.

మళ్ళీ మెకానిక్ దగ్గరకే వెళ్ళాను. అతను తెర చూసి, "బాబాయిగారూ, వేయమంటే వేస్తాను, నాకు కూలి వస్తుంది. కానీ ఎనిమిదేళ్ళ సెట్టు, రేపు ఇంకో బోర్డు పోతే మీరు నన్ను తిట్టుకుంటారు. వద్దు" అన్నాడు. కూలి వదులుకుని నిజం చెప్పాడు. పిక్చర్ ట్యూబుల కాలంలో పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు కనిపెట్టడానికేమీ లేదండీ, బోర్డు తీసి బోర్డు పెట్టడమే అని వాపోయాడు. ఆ బోర్డులు కూడా పాత మోడళ్ళకు దొరకడం లేదట. వస్తువును బాగుచేయించుకునే హక్కు గురించి కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో ఒక పోర్టల్ పెట్టింది. మంచిదే. దుకాణం వరకు ఆ మంచి ఇంకా రావాలి.

మిత్రులారా, ఇక్కడ ఫైలు మూసేయవలసింది. ఖర్చు లెక్క తేలిపోయింది. బాగుచేసే ఖర్చు కొత్తదాని ధరలో సగానికి మించినా, సెట్టుకు ఏడెనిమిదేళ్ళు దాటినా, మార్చడమే మేలు. మాకు రెండూ కలిసి వచ్చాయి. కానీ నేను మూయలేదు. ఎందుకో చెబుతాను.

మా ఆవిడకు చూపు మందగించింది, 43 అంగుళాలది తీసుకుందామని మా అబ్బాయి అన్నాడు. అదే సమయంలో జీఎస్టీ తగ్గిస్తారని పేపర్లో వచ్చింది. 32 అంగుళాల వరకు ఉన్న టీవీలపై 2019 జనవరి నుంచే 18 శాతం. అంతకన్నా పెద్దవాటి మీద 28 శాతం ఉండేది. సెప్టెంబరు మొదట్లో మండలి సమావేశమై, 22వ తేదీ నుంచి అన్నిటికీ 18 శాతమే అని ప్రకటించింది. నేను కాగితం తీసి లెక్క వేశాను. 24,990 రూపాయల సెట్టు మీద దాదాపు 1,950 మిగులుతుంది. అంటే ఆగాలి. ఆటోలో పోగొట్టుకున్నదాంట్లో కొంతయినా రాబట్టాలి. ఆగాను.

ఆగింది నేను కాదు, మా ఆవిడ. అది నాకు అప్పుడు తట్టలేదు.

నాకు టీవీ లేకపోతే ఏం లోటు? ఉదయం పేపరు, తరువాత బజారు, పదకొండింటికి సంఘం ఆఫీసు, సాయంత్రం గుడి అరుగు. ఆమెకు మోకాళ్ళు. నాలుగేళ్ళుగా వీధి గుమ్మం దాటడం పెద్ద ప్రయాణం. పొద్దున్నే భక్తి ఛానల్లో సుప్రభాతం, మధ్యాహ్నం పన్నెండింటికి తిరుమల నుంచి కల్యాణోత్సవం, సాయంత్రం ఒక సీరియల్, వారానికొకసారి పాటల పోటీ. ఆమె రోజుకి అవి గడియారంలో అంకెల్లాంటివి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ అంకెలు చెరిగిపోయాయి. నన్ను ఒక్కమాట అనలేదు. "మీ ఫైలు ఎంతవరకు వచ్చిందండీ?" అని రెండుసార్లు నవ్వుతూ అడిగింది. అంతే.

సెప్టెంబరు రెండో వారంలో ఒకరోజు సంఘం ఆఫీసులో కరెంటు లేక నేను త్వరగా ఇంటికి వచ్చాను. ఆమె టీవీ ఎదుట కుర్చీలోనే కూర్చుని ఉంది. తెర నల్లగా ఉంది. ఒడిలో చిక్కుడుకాయలు, చేతిలో ఒక ఈనె. గోడ గడియారం వైపు చూసి, నాతోనో తనలో తానో తెలియదు, "ఇప్పుడు మాంగల్యధారణ అవుతూ ఉంటుంది" అని, కాయలు పక్కన పెట్టి, ఆ నల్లటి తెరకు దణ్ణం పెట్టుకుంది.

నేను చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాను.

మర్నాడు ఉదయం టీవీ కొన్నాను. పన్ను తగ్గడానికి ఇంకా పది రోజుల పైన ఉంది. 24,990 పూర్తిగా కట్టాను. దుకాణం కుర్రవాడు కూడా, "తాతగారూ, 22 దాకా ఆగితే తగ్గుతుంది కదండీ" అన్నాడు. "తెలుసు బాబూ, బిల్లు రాయి" అన్నాను.

మా శాఖలో అయితే దీనికి ఆడిట్ అభ్యంతరం తప్పక వచ్చేది. "పన్ను తగ్గింపు ప్రకటన తెలిసి ఉండి కూడా ముందే కొనుగోలు చేసి 1,950 రూపాయలు అదనంగా వెచ్చించుటకు కారణమేమి?" అని అడిగేవారు. నా సమాధానం ఫైలులో రాసి సంతకం పెట్టాను. "ఈ గుమస్తా మూడు నెలలపాటు అన్ని ఖర్చులూ లెక్కించి, ఇంట్లో ఒక మనిషి పొద్దు ఎలా గడుస్తున్నదో లెక్కించలేదు. ఆ పొరపాటును సవరించుటకై ఈ మొత్తము వెచ్చించడమైనది. అభ్యంతరమును ఉపసంహరించగోరుచున్నాను." ఉపసంహరించే అధికారం ఉన్న ఆవిడ అది చదివి, "చాల్లెండి, కాఫీ తాగండి" అన్నారు. దానినే ఉత్తర్వుగా భావించాను.

కొత్త టీవీతో కొత్త చిక్కు వచ్చింది, అదీ చెప్పాలి. ఇది స్మార్ట్ టీవీ. పెట్టగానే ఏవేవో సినిమాల బొమ్మలు వరుసగా వస్తాయి, భక్తి ఛానలు ఎక్కడుందో దొరకదు. మా మనవరాలు వీడియో కాల్లో చెబుతుంటే, ఏది ముందు ఏది తరువాత నొక్కాలో నేను అట్ట మీద పెద్దక్షరాలతో నాలుగు వాక్యాలు రాశాను. నా ఆఫీసు సర్క్యులరు లాగానే ఉంది, అర్థం కాలేదంది మా ఆవిడ. తనే ఒక ఉపాయం చేసింది. రిమోటులో పెట్టే మీట మీద ఎర్ర బొట్టుబిళ్ళ, సెట్‌టాప్ బాక్సు రిమోటులో తన ఛానలు అంకెల మీద ఆకుపచ్చ బొట్టుబిళ్ళలు అంటించింది. మిగిలిన మీటల జోలికి పోదు. కంపెనీవారికి రాని ఆలోచన.

పాత టీవీ ఏం చేశానని అడుగుతారు. 1980లనాటి ట్యూబు టీవీ కూడా మా అటక మీద ఉండిపోయింది. ఆ ట్యూబు గాజులో సీసం ఉంటుంది, పగలగొట్టి మురుగుకాలవ పక్కన పారేయకూడదు. 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత సెట్లను పద్ధతిగా రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే. రాగి కోసం నిప్పు పెట్టేవారికి కాక, అనుమతి ఉన్నవారికే ఇవ్వాలి. ట్యూబు టీవీని అలాగే పంపించాను. ఎల్.ఈ.డి. సెట్టును మాత్రం మెకానిక్‌కి ఇచ్చాను. అందులోని కరెంటు బోర్డు కొత్తదే కదా, ఇంకొకరి టీవీకి పనికి వస్తుంది. అతను 700 ఇవ్వబోతే, వద్దన్నాను. మన ఇళ్ళకు వచ్చినప్పుడు నిజం చెప్పే అలవాటు మానుకోవద్దని మాత్రం చెప్పాను.

చివరగా ఒక ప్రతిపాదన చేసి ముగిస్తాను. నా పక్కన నేనూ, బెంగుళూరులో మా అబ్బాయీ, వీడియోలో మనవరాలూ ఉండగానే మా ఇంట్లో మూడు నెలలు పట్టింది. ఒంటరిగా ఉండి కుటుంబ పెన్షనుతో బతుకుతున్న మన సోదరీమణుల ఇళ్ళలో టీవీ ఆగిపోతే ఎవరున్నారు? ఆగిపోయిందని చెప్పుకోవడానికి కూడా మొహమాటపడతారు, అదేదో విలాసమైనట్టు. ఒంటరి ఇంట్లో మాట్లాడే గొంతు అదొక్కటే కావచ్చు. అందుచేత ప్రతి మంగళవారం, శుక్రవారం పదకొండు గంటలకు నేనూ, మరి ఇద్దరు మిత్రులూ సంఘం ఆఫీసులో ఉంటాం. టార్చిలైటు నా దగ్గర ఉంది. మీ ఇంటికి వచ్చి చూస్తాం, మెకానిక్ దగ్గరకు వస్తాం, కొనవలసి వస్తే దుకాణానికి కూడా వస్తాం. బిల్లు, పుస్తకం ఉంటే తీసి ఉంచండి. ఆటోలో తెచ్చేటప్పుడు మాత్రం టీవీని నా ఒళ్ళో పెట్టకండి.

పదిహేను నిమిషాలు దాటినట్టున్నాయి.